ముళ్లతీగ కింద ఎత్తిన తల

పాకుడు మాస్టారు ఎక్కణ్ణుంచి లేచి నిలబడినా ముందు కుడి బొటనవేలు భుజం మీదికి పోతుంది. అక్కడ లేని పట్టీని ఒకసారి పైకి ఎగదోస్తాడు. చేతిలో కూరల సంచి ఉన్నా అంతే, ఏమీ లేకపోయినా అంతే. వీపున మూట మోయడం మానేసి చాలా కాలమైంది. ఆ సంగతి భుజానికి ఇంకా తెలియలేదు.

ఆ పేరు శిక్షణకు వచ్చే కుర్రాళ్లు పెట్టింది. సైనికులను తయారుచేసే మైదానంలో ఒక మూల, మోకాలి ఎత్తున ముళ్లతీగలు అల్లి ఉంటాయి. పొట్ట నేలకు ఆనించి, మోచేతులతో మట్టిని వెనక్కి నెడుతూ వాటి కింద పాకడం ఆయన నేర్పే విద్య. తల ఎత్తకూడదు. తీగ తగిలితే వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. కొత్త జట్టు వచ్చిన రోజు ముందుగా నేర్పేవాడే పాకుతాడు. అతను అవతల తేలాకే కుర్రాళ్లు నేల మీద పడుకుంటారు. పాకలేనివాడు నేర్పకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

ఇప్పుడు మాస్టారి మోకాళ్లు మాట వినడం లేదు. లారీల మీంచి దూకిన దూకుళ్లు, ఇనుప టోపీ బరువు, తడినేల మీద పడుకున్న రాత్రులు, అన్నీ ఒంట్లోనే ఉండిపోయాయి. పొద్దున్నే పక్కకు దొర్లి, మంచంపట్టె పట్టుకుని, ఎవరైనా చూస్తున్నారా అని చూసుకుని లేస్తాడు. చూసేది భార్య ఒక్కతే. ఆవిడ గది చివర కుట్టుమిషను దగ్గర కూర్చుని, చూడనట్టు సూదిలోకి దారం ఎక్కిస్తుంది.

కొత్త జట్టు ఇంకో నెలకు వస్తుందనగా ఆఫీసరు పిలిచి, ఈసారి పాకలేకపోతే స్టోరుకు మారిపొమ్మన్నాడు. అక్కడ బూట్లు, దుప్పట్లు ఇస్తూ కూర్చోవచ్చని మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే మాస్టారికి ఒళ్లు మండింది. తిడితే బాగుండేది.

స్టోరులో ఆయనతోపాటు ఒకే రోజున సైన్యంలో చేరిన స్నేహితుడు ఉన్నాడు. లారీలు నడిపి నడిపి నడుము పోగొట్టుకుని ముందే అక్కడికి చేరాడు. ఎదురుపడితే చాలు, "నీ కుర్చీ దుమ్ము దులిపి ఉంచానురా" అంటాడు. వంగలేక కింది అరలు చూడటం మానేశాననీ, అక్కడ ఏనుగు పిల్లలు కాపురం పెట్టినా తనకు తెలియదనీ చెప్పి నవ్వుతాడు. ఆ నవ్వు మాస్టారికి గిట్టదు. రేపు తానూ అలాగే నవ్వాలేమోనని భయం.

అందుకే ఆసుపత్రికి వెళ్లాడు. కసరత్తులు నేర్పే డాక్టరమ్మ చాప పరిచి చూపించింది. అరచేతులూ మోకాళ్లూ ఆనించి ముందుకూ వెనక్కూ మెల్లగా ఊగాలి. తర్వాత కుడి చేయి, ఎడమ మోకాలు. ఎడమ చేయి, కుడి మోకాలు. తల ఎత్తి ఎదురుగా చూడాలి. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీయాలి. నొప్పి పుట్టిన చోట ఆగాలి. మాస్టారికి మొదట నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపం వచ్చింది. పాకడం తనకు నేర్పడమా!

ఆవిడ పాకమనగానే బోర్లా పడి, మోచేతుల మీద అవతలి గోడ దాకా దూసుకుపోయాడు. అక్కణ్ణుంచి లేవలేకపోయాడు. లేపడానికి ఇద్దరు రావలసి వచ్చింది.

డాక్టరమ్మ ఆయన మోచేతులకు అంటిన దుమ్ము చూసింది.

"మాస్టారూ, ఇక్కడ మిమ్మల్ని తుపాకీతో ఎవరు కాలుస్తున్నారు?" అంది.

ఆయన మోచేతులు దులుపుకుని బయటపడ్డాడు. ఇంటికి వచ్చి జరిగింది భార్యకు చెప్పాడు, లేపిన ఇద్దరి సంగతి మినహా. అంతా విని ఆవిడ ఒక్కటే పట్టుకుంది.

"నోరు మూసుకోమందా? ఇన్నాళ్లకు మంచి డాక్టరు దొరికింది."

మంచం గోడకు జరిపితే చాప పట్టేంత చోటు వచ్చింది. ఆ చోటులో మాస్టారు కసరత్తును కవాతులా చేశాడు. పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, మంచానికీ మిషనుకీ మధ్య ఎవరో తరుముతున్నట్టు తిరిగాడు. మోకాలు పొంగింది. తడిగుడ్డ వేసుకుని కూర్చుని, చెమటే పట్టనిది కసరత్తు ఎలా అవుతుందని డాక్టరమ్మను తిట్టాడు. ఆవిడ మెల్లగా చేయమంది కదా అని భార్య గుర్తు చేస్తే ఆవిణ్ణీ తిట్టాడు. వేగంగా చేయడం ఆయనకు వచ్చు. మెల్లగా చేయడమే రాదు. మెల్లగా కదిలితే ఒంట్లో ఏ కీలు ఎక్కడ పట్టేసిందో ఒక్కొక్కటే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా మెడ మొండికేసింది. ఎత్తిన తల రెండడుగులు పోకముందే వాలిపోయేది. ఆయన ఎత్తమనేవాడు, అది దిగేది. ఇన్నేళ్లు దానికి నేర్పింది దిగడమే. చూసి చూసి భార్య ఒక ఎర్ర గుడ్డముక్క కత్తిరించి, ఎదుటి గోడకు నడుమెత్తున గుండుసూదితో గుచ్చింది. దాన్ని చూస్తూ రమ్మంది. ఆయన గొణుగుతూనే వెళ్లాడు. గొణిగితే నోరు తెరుచుకుంటుందని ఆవిడ మళ్లీ గుర్తు చేసింది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున మంచంపట్టె పట్టుకోకుండా లేచాడు. ఎవరికీ చెప్పలేదు. మంచం కిర్రుమనకపోవడంతో మిషను దగ్గర ఆవిడకు తెలిసిపోయింది. ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

కొత్త జట్టు వచ్చిన సోమవారం కుర్రాళ్లు వరసలు కట్టి నిలబడ్డారు. ఆఫీసరు పక్కన నుంచున్నాడు. మాస్టారు టోపీ గట్టిగా దించుకుని తీగల కింద దూరాడు. ఒళ్లు పాత రోజుల్లోలా, ఇంకా మాట్లాడితే అంతకన్నా బాగా కదిలింది. నడుము ఎక్కడా పట్టలేదు. సగం దూరం పోయాడు. అప్పుడు ఆయన ప్రమేయం లేకుండా తల పైకి లేచింది. ఎర్ర గుడ్డ కోసం ఎదురుగా చూసింది.

ముల్లు టోపీని పట్టుకుంది. తీగ అటు చివరిదాకా జువ్వుమంది.

అలాగే ముందుకు పోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆఫీసరు కావాలనే మొహం అటు తిప్పుకున్నాడు. మాస్టారు మాత్రం వెనక్కి పాకి, మొదటికి వచ్చి, మళ్లీ దూరాడు. ఈసారి తల దించుకున్నాడు. కోపంతో ఊపిరి బిగబట్టి తోసుకుంటూ పోయాడు. సరిగ్గా ముందు ఆగిన చోటే మోకాలు బిగుసుకుపోయింది. చివరకు గుంజలు పీకి, తీగలు ఎత్తి పట్టుకుని ఆయన్ను బయటికి తీశారు. ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా కాస్త నయంగా ఉండేది.

సాయంత్రం ఇంటికి వచ్చి, గోడ మీది గుడ్డముక్కను పీకి పారేశాడు.

"అక్కడ దించమంటారు. ఇక్కడ ఎత్తమంటారు. ఒక్క మెడకి ఎన్ని హుకుములు?" అన్నాడు.

భార్య మిషను ఆపింది.

"ఇంక అక్కడ లేరుగా" అంది.

అన్నాక తల వంచుకుని దారం కొరికింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. గుడ్డముక్క నేల మీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే స్టోరుకు వెళ్లాడు. స్నేహితుడు నిజంగానే ఒక కుర్చీ తుడిచి ఉంచాడు. దాన్ని చూపించాడు గాని ఎప్పటిలా నవ్వలేదు. మాస్టారు అందులో కూర్చోలేదు. టోపీ తీసి కుర్చీలో పెట్టాడు. మూల నుంచి ఒక గోనెసంచి లాగి, బూట్ల అరల మధ్య సందులో పరిచాడు. మెల్లగా మోకాళ్ల మీదికి దిగి అరచేతులు ఆనించాడు. కుడి చేయి, ఎడమ మోకాలు. కింది అర పక్కనే, పెట్టెల మీది సైజులు చదువుకుంటూ కదిలాడు.

"ఒరేయ్, కుర్రాళ్లు బూట్ల కోసం వచ్చే వేళైంది. చూస్తార్రా" అన్నాడు స్నేహితుడు.

"చూడనీ."

ఒక పెట్టె లాగి, మూత తీసి, దుమ్ము ఊదాడు. పక్క పెట్టె కూడా తీసి చూశాడు.

"ఏనుగు పిల్లలు లేవురా. అన్నీ ఎడమ కాలి బూట్లే" అన్నాడు.

కుడివి వెతుక్కుంటూ, తల ఎత్తి, ఇంకా లోపలికి పాకాడు.