దేవపాలు సార్ అరవై కిలోలు

ఊరు మారితే ఇనుము బరువు మారుతుందని వాదించిన మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన ప్రొద్దుటూరులో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరైన దేవపాలు సార్. మూతబడిన ఒక నూనె మిల్లు షెడ్డులో జిమ్ నడిపేవాడు. ఒక రాడ్డు, నల్ల రంగు పూసిన ఇనుప బిళ్ళలు, గోడకు నిలువునా పగిలిన అద్దం, అంతే సరంజామా. అద్దంలో ఎవరు చూసుకున్నా జబ్బలు నాలుగు కనిపించేవి కాబట్టి దాన్ని మార్చమని ఎవరూ అడగలేదు. ఇది తొంభైల నాటి మాట. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. జబ్బలు పెంచడం తప్ప వేరే పని లేదు.

ఒకసారి జమ్మలమడుగులో మా అక్క ఇంటికి పోయి, అక్కడి జిమ్‌లో అరవై కిలోలు తల మీదికి ఎత్తాను. పది లెక్కపెట్టే దాకా నిలబెట్టి మరీ దించాను. మా జిమ్‌లో అదే అరవై నా గడ్డం దాటి పైకి పోయిన పాపాన పోలేదు. ఇక తిరుగులేదనుకుని మర్నాడు అందరినీ పిలిచి ఎత్తబోయాను. రాడ్డు గడ్డం దగ్గర ఆగిపోయింది.

“ఇదేంది సార్, నిన్న ఆడ ఎత్తినా గదా?”

“ఆడ నేల కింద అంతా బండ రా జయకర్. బండ కాళ్లను పైకి తోస్తాది. మనది నల్లరేగడి, కిందికి గుంజుతాది.”

“ఇనుము అదే గదా సార్.”

“ఇనుము అదే. ఊరు అది గాదు గదా.”

మా కమాల్ బాషా పులివెందులలో మేనమామ ఇంటికి పోయి ఇట్లాగే ఎత్తి వచ్చి, మా జిమ్‌లో ఎత్తలేకపోయాడు. సార్ కళ్లు మూసుకుని ఆలోచించాడు.

“పులివెందుల ఎత్తు మీద ఉండాది. పైకి పోయేకొద్దీ భూమి గుంజేది తగ్గుతాది. సైన్సు.”

“ఎంత ఎత్తుంటాది సార్?”

“బస్సు రెండో గేరులో ఎక్కేంత.”

లింగాల నుంచి వచ్చిన ఒకతను నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. బండల్ని అట్టముక్కల్లా తిప్పే మనిషి. అతను కూడా మా అరవైని ఎత్తలేక చతికిలబడ్డాడు. ఈసారి సార్ దగ్గర నేలా లేదు, ఎత్తూ లేదు.

“మీ ఊర్లో ఎత్తేటప్పుడు ఎవురు చూస్తారప్పా?”

“ఎవురు చూస్తారు సార్. మా ఎనుము, నెమరేస్తా.”

“ఈడ ఇరవై మంది చూస్తాండారు. ఒక్కో చూపు అర్ధకిలో. లెక్కేసుకో.”

ఆయన భార్య విజయమ్మ టీచరమ్మ ఇవన్నీ షెడ్డు గుమ్మంలో నిలబడి వినేది. “ఏమయ్యా, జమ్మలమడుగులో బరువులు అంత తేలికైతే ఈ నెల బియ్యం ఆడే తెచ్చుకుందాం. మూటకు రెండు పళ్లేలన్నా ఎక్కువొస్తాయి.”

“అది ఇనుముకే మే. గింజలకు కాదు.”

“గింజలకు సైన్సు లేదా?”

జవాబు లేనప్పుడు సార్ మెడలోని విజిల్ ఊదేవాడు. డ్రిల్లు మాస్టరు విజిల్ ఊదితే చర్చ ముగిసినట్టు. ఆ ఇంట్లో విజిల్ చాలాసార్లు మోగేది.

అట్లాంటి రోజుల్లో ఎలక్షన్లు వచ్చాయి. జమ్మలమడుగు వైపు ఒక పెద్దాయన, జీపు వెనక కూర్చోవడానికి మనుషులు కావాలని ఆదినారాయణ అనే అనుచరుణ్ణి మా ఊరికి పంపాడు. అరవై కిలోలు తల మీదికి ఎత్తిన వాడికి జీపులో చోటు, రెండు పూటలా మాంసం. మా పక్క వీధిలో అంతకుముందు జీపెక్కిన ఒకతను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరగడం చూశాను. నాకు కావలసిందల్లా ఆ కళ్లద్దాలు. నేను జీపెక్కుతానంటే మా అమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

ఆశ్చర్యం ఏమిటంటే, పరీక్ష తన జిమ్‌లోనే పెట్టమని సార్ స్వయంగా పోయి ఆదినారాయణను అడిగాడు. కుర్చీలు వేయించాడు. మజ్జిగ కూడా ఇప్పించాడు.

తొమ్మిది మందిమి వరసగా ఓడిపోయాం. నాది చివరి వంతు. రాడ్డు గడ్డం దాకా వచ్చింది. ఇంకొక్క జానెడు అనుకుంటుండగా నా ప్యాంటు వెనక కుట్టు విడిపోయిన శబ్దం షెడ్డంతా వినపడింది. రాడ్డు వదిలేసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

“వీడు జీపెక్కితే జీపును మేము తోయాల్సి వస్తాది” అన్నాడు ఆదినారాయణ. అని, మీసం దువ్వి, తనే వచ్చి రాడ్డు పట్టుకున్నాడు. రాడ్డు మోకాళ్లు దాటలేదు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వదగిన మనిషి కాదు.

“ఏంది సార్, ఈడ ఇంత బరువుండాది?”

“నల్లరేగడి అప్పా. కిందికి గుంజుతాది.”

ఆదినారాయణ నేలకేసి చూసి, నిజమే అన్నట్టు తలూపాడు. “అయితే ఆదివారం జమ్మలమడుగు రా అబ్బీ. ఆడ బండ నేల” అని నాకు చెప్పి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం నల్లరేగడి మీద నమ్మకం పోయింది. ప్యాంటు మార్చుకుని, పదిహేను అని అచ్చుపోసిన బిళ్ళ ఒకటి సైకిలు మీద పెట్టుకుని పాత ఇనుము మక్బూల్ కాటా దగ్గరికి పోయాను. మక్బూల్ దాన్ని చూసి కాటా వైపు కూడా తిరగలేదు.

“దాన్నేంది తూకమేసేది మామా, ఇరవై పైన ఉంటాది. వెనక గుంటలో సీసం పోసి రంగేసింది నేనే గదా.”

అట్లాగే వెనక్కి పోయి బిళ్ళను సార్ కాళ్ల ముందు పడేశాను. “ఎందుకు సార్ ఇట్లా మోసం?”

విజయమ్మ టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సార్ విజిల్ పట్టుకున్నాడు గానీ ఊదలేదు.

“పోయిన ఎలక్షన్లప్పుడు ఈ బిళ్ళలు సరిగ్గానే ఉండె. ఇద్దరు బాగా ఎత్తినారు. నేనే భుజం తట్టి జీపెక్కిచ్చినా. ఒకడు కడప జైల్లో ఉండాడు. రెండోవాణ్ణి నేనూ మక్బూలూ పాడె మీద మోసినాం.” వంగి బిళ్ళను రాడ్డు పక్కకు జరుపుతూ అన్నాడు. “ఆ పెద్దాయన దగ్గరికి పోయి ‘రాను’ అని చెప్పి బతకగలవా? చెప్పలేవు. ‘చేతకాలేదు’ అంటే ఎవురూ ఏమీ అనరు. నవ్వుతారు, అంతే.”

“నాకైనా చెప్పకూడదా సార్?”

“చెప్తే నువ్వు నిజంగా ముక్కుతావా?”

“అయితే ఇన్నాళ్లూ ఆ ఎత్తు, ఆ సైన్సు?” అంది టీచరమ్మ.

“రోజుకొక అబద్ధం పుట్టించేది ఎంత కష్టమో నీకేం తెలుసే. పెన్షను తీసుకున్నంక ఇంత కష్టపడింది లేదు.”

ఆమె లోపలికి పోయి ఇద్దరికీ అన్నం వడ్డించింది.

ఆదివారం నేను జమ్మలమడుగు పోయాను. పోకపోతే మనిషిని పంపుతారు. పెద్దాయన వాకిట్లో, బండల మీద, పెద్దాయన చూస్తుండగా రాడ్డు పట్టుకున్నాను. అసలైన అరవై. సార్ దగ్గర ఏళ్ల తరబడి ఎనభైతో కుస్తీ పట్టిన చేతులకు అది పూలబుట్టలా ఉంది. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. తేలిగ్గా పైకి వచ్చేస్తున్న రాడ్డును మోకాళ్ల దగ్గర బలవంతంగా ఆపి, చేతులు వణికించి, పళ్లు కొరికి, ‘అమ్మా’ అని కూలబడ్డాను. పెద్దాయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఆదినారాయణ జాలిగా నన్ను లేపి, పక్కకు తీసుకుపోయి చెవిలో అన్నాడు. “పెండ్లి కావాల్సినోడివి. ఈడ జరిగింది నేను ఎవురికీ చెప్పనులే.”

నేను బస్టాండు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అంగడాయన నేను అడిగిన టీ నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు.

“నిండా పోసినా అప్పా. చూసి ఎత్తుకో, బరువుంటాది.”

అక్కడున్న వాళ్లంతా నవ్వుతుంటే, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కొంచెం వణికించి, హాయిగా తాగాను.