ఆలుగడ్డకు తెరుచుకోని గేటు

హఫీజ్‌పేటలోని ఆ బడి గేటు దగ్గర కాపలా ఉండే ఆయమ్మ కిష్టమ్మ. నిరుడు ఒక చిన్నపిల్ల ఎవరి కంటా పడకుండా బయటికి నడిచి రైల్వే స్టేషన్ దాకా వెళ్లిపోయింది. పూలమ్మే ఆవిడ పుణ్యమా అని క్షేమంగా తిరిగొచ్చింది. ఆ దెబ్బకు బడివాళ్లు గోడ ఎత్తు పెంచారు, కెమెరాలు బిగించారు, ఒక్కో ఇంటికి ఒక్కో రహస్యపు మాట పెట్టారు. తల్లిదండ్రులు కాక వేరెవరొచ్చినా ఆ మాట చెబితేనే పిల్లను పంపాలి. కెమెరాల సంగతి దేవుడెరుగు, మాటలన్నీ మాత్రం కిష్టమ్మకు కంఠతా వచ్చు.

ఒకటో తరగతి ఉమాశ్రీ వాళ్లది కాకినాడ. వాళ్ల మాట 'బంగాళాదుంప'. ఆ సాయంత్రం ఆ పిల్ల కోసం ఆటో వేసుకొచ్చింది ఎవరో కాదు, కిష్టమ్మ తమ్ముడు పెంటయ్యే. ఉమాశ్రీ తల్లి జయలక్ష్మి రోజూ మియాపూర్ మెట్రో దగ్గర అతని ఆటోనే ఎక్కుతుంది. ఆఫీసులో ఇరుక్కుపోయి, ఫోన్లో మాట చెప్పి అతన్ని పంపింది. పెంటయ్య దర్జాగా గేటు ముందు నిలబడి "ఆలుగడ్డ" అన్నాడు.

కూరలోకైతే రెండూ ఒకటే. కిష్టమ్మ ఇంట్లోనూ అది ఆలుగడ్డే. గొళ్లెం దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. సరిగ్గా గుర్తు తెచ్చుకోమని ఎంత చెప్పినా అతను ఆలుగడ్డ వదల్లేదు. తల్లికి ఫోన్ చేయిస్తే ఎత్తలేదు.

"నన్నే నమ్మవా అక్కా?" అన్నాడు పెంటయ్య.

భర్త పోయి జీడిమెట్లలో దిక్కుతోచక కూర్చుంటే, పిల్లలతో సహా తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్న తమ్ముడు. ఆమెకు మిగిలిన పుట్టిల్లు అతనొక్కడే. అది కూడా పోతుందేమోనని కిష్టమ్మ గుండెల్లో రాయి పడింది.

"నిన్ను నమ్ముత తమ్మీ. గని ఇయ్యాల నీకు తెరిస్తే, రేపు నీ పేరు చెప్పుకొని ఇంకొకడొస్తడు."

పెంటయ్య మొహం మాడ్చుకుని వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

బడి నుంచి వచ్చిన ఫోన్లు ఆలస్యంగా చూసుకున్న జయలక్ష్మి పడుతూ లేస్తూ వచ్చింది. సంగతంతా విని నవ్వబోయి ఏడ్చేసింది. కిష్టమ్మ చేతులు పట్టుకుని, "సొంత తమ్ముడికే గేటు తియ్యలేదంటే, ఇంక మా పాప గురించి నాకు బెంగ లేదండీ. మీ రుణం తీర్చుకోలేను," అంది.

కిష్టమ్మ కళ్లు మాత్రం ఆటో మీదే ఉన్నాయి. పెంటయ్య మెల్లగా దిగి వచ్చాడు.

"మా బిడ్డ హర్షిణిని గూడ వచ్చే ఏడు ఈ బడిలనే ఏస్త అక్కా. గేటుకాడ నువ్వుంటవ్ గదా?"

"ఉంట తమ్మీ. గని అప్పుడు గూడ మాట సరిగ్గ చెప్పాలె," అంది కిష్టమ్మ.