మఠంలో కాపురం

కడంబత్తూరు దగ్గర మేముండే ఇల్లు ఒకప్పుడు మఠం. సన్యాసులు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరి స్వామి మా మామగారి ముత్తాత చేతిలో తాళం పెట్టి వెళ్ళిపోయాడట. తాళంతో పాటు మఠం అలవాట్లూ మావాళ్ళకు వచ్చాయి. సన్యాసుల గదులు కదా, ఒక్కో దాంట్లో ఒక మనిషీ ఒక చెంబూ పడతాయి. గుమ్మాలు పొట్టివి. కొత్తలో నా నుదుటికి రోజుకో బొప్పి. "మఠంలో తల వంచాల బిడ్డా" అనేవారు మామగారు, అప్పుడే తగిలిన తన నెత్తి రుద్దుకుంటూ.

మా అమ్మకు ఈ ఇల్లు మొదటినుంచీ గిట్టలేదు. "సన్యాసులుండిన ఇంట్లో సంసారమేందే? అత్త గూడా లేదు. ఇద్దురు మొగోళ్లకు వండిపెట్టను పోయినావా?" అని ఫోన్లో సతాయించేది. ఒకసారి వచ్చి చూస్తానని, నచ్చకపోతే తిరువళ్ళూరులో వేరు కాపురం పెట్టించేస్తానని అంది. అన్నంత పనీ చేసే మనిషి. నాకేమో అప్పటికే ఈ ఇంటి మీద, ఆ పెద్దాయన మీద ప్రేమ పుట్టేసింది. చెబితే అమ్మ నమ్మదు.

పాండూరు నుంచి ఆమె సరిగ్గా తిరుత్తణి కొండ పండగ, ఆడికృత్తిక నాడే దిగింది. మొక్కు కావళ్ళు మోసుకుంటూ తిరుత్తణి గుడికి నడిచిపోయేవాళ్ళకు ఆ రోజు మా ఇంట్లో అన్నం. హాలంతా ఆకులు. ఎవరో జరిగి చోటిస్తే అమ్మ పంక్తిలో కూర్చుంది. నేను రసం తెచ్చేసరికి మామగారు ఆమెకే వడ్డిస్తున్నారు. వడ్డించేవాడు ఆకునే చూడాలి, తినేవాళ్ళ మొహం చూడకూడదు అని మఠం నాటి కట్టుబాటు. అందుకే వియ్యపురాలిని ఆయన పోల్చుకోలేదు. నేను రసం గిన్నెతో ఆయన వెనకే నిలబడ్డాను.

"ఏమన్నా, ఈ ఇంట్లో ఆడోళ్లు లేరా?" అమ్మ కావాలనే అడిగింది.

"ఉండాదమ్మా, కోడలు." ఆయన ఆకు మీదినుంచి చూపు ఎత్తలేదు. "నోరు జాస్తి. నా మాట ఒకటీ వినదు. కాఫీలో చక్కెర గూడా తగ్గించేసినాది." ఇంకో గరిటె అన్నం వేసి, "ఆ బిడ్డ రాకపోయుంటే ఈ ఇల్లు మళ్లా మఠమే అయిపోయుండు తల్లీ" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. అమ్మ చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది.

సాయంత్రం బయలుదేరేటప్పుడు వేరు కాపురం మాట ఎత్తలేదు. చెప్పులు వేసుకుంటూ నాతో మెల్లగా అంది: "ఆయనకు చక్కెర సరిగా ఎయ్యవే. పాపం."