నల్లమ్మ టీచరు పెట్టిన ఎర్ర చుక్కలు

విడపనకల్లు చుట్టుపక్కల నా ఆటో ఎక్కని మనిషి లేడు. ఒకసారి పెండ్లికొడుకును, పదకొండు మంది బంధువులను, రెండు పొట్టేళ్ళను ఎక్కించుకుని గుత్తి కోట మెట్ల మీదుగా పైదాకా నడిపాను. నమ్మకపోతే ఆ పొట్టేళ్ళను అడగండి. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసింది కూడా, నాకు చెప్పడానికి అయ్యవార్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదనే.

నా కోతలు విని నవ్వని మనిషి మా ఊరి అంగన్‌వాడీ టీచరు నల్లమ్మ ఒక్కతే. "ఒరే అబ్బీ, నీ నోటికి ఒక గేటు పెట్టించుకో" అనేది. కానీ ఆమె దగ్గరా ఒక గొప్ప ఉంది, అది కోత కాదు. ఏ పిల్లనైనా చంకనెత్తుకుని ఇంత తూకమని చెప్పేది. తర్వాత కాటా కూడా అదే చెప్పేది. ఇరవై నాలుగేళ్ళుగా ఊరి పిల్లలందరి బరువూ ఆమె నడుముకు తెలుసు.

గౌతమికి నాలుగేళ్ళు. వేరుశనగ ఎండిపోయిన ఏడాది వాళ్ళమ్మా నాయనా బెంగళూరికి బిల్డింగు పనులకు పోతూ, పిల్లను చిన్నాయన తిప్పేష్ ఇంట్లో వదిలారు. ఒక తూకం రోజు గౌను విప్పితే కడుపు మీద బొటనవేలంత కాలిన మచ్చ కనిపించింది.

"ఏందే ఇది?" అని అడిగింది నల్లమ్మ.

"కామెర్లకు వాత ఏపించినాం టీచరా" అంది తిప్పేష్ భార్య కదిరమ్మ.

మా వైపు ఇది కొత్త కాదు. కామెర్లొచ్చినా, కడుపుబ్బినా పసుపుకొమ్ము కాల్చి చురుక్కుమనిపిస్తారు. నల్లమ్మ మణికట్టు మీద ఒకటుంది, నా కడుపు మీద ఒకటుంది. "ఇంగ ఏపించద్దండి, ఆస్పత్రికి పోండి" అని కసిరి, మచ్చకు కొబ్బరినూనె రాసి, పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములని రిజిస్టరులో రాసుకుంది. మరుసటి నెల వీపు మీద రెండు, తొడ మీద ఒకటి. "మళ్ళీ తిరగబెట్టింది టీచరా" అంది కదిరమ్మ. బరువు అర కిలో తగ్గింది. నల్లమ్మ ఆ పిల్లకు రోజూ ఇంకో గుడ్డు ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది.

ఇక నా సంగతి. పాల ప్యాకెట్లు దించడానికి అంగన్‌వాడీ సెంటరుకు పోతే పిల్లలు నన్ను చుట్టుకుని చిరుత కథ అడిగేవాళ్ళు. నేను చొక్కా ఎత్తి వాత మచ్చ చూపించి, గుత్తి కోటలో చిరుత గీకిందని, దాని తోక పట్టుకుని మూడు చుట్లు తిప్పి కర్ణాటకలో పడేటట్టు విసిరేశానని చెప్పేవాణ్ణి. ఒకరోజు గౌతమి కూడా గౌను ఎత్తింది.

"నన్ను గూడా చిరుత గీకింది మామా."

"యాడమ్మే?"

"మా ఇంట్లోనే ఉండాది. పక్క తడిపితే వస్తాది."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. "నాకంటే పెద్ద కోతలు కోస్తాండావే!" అని మెచ్చుకుని, జేబులోని పిప్పరమెంటు బహుమతిగా ఇచ్చాను.

ఆ తర్వాత రెండు వారాలకు మండల ఆఫీసులో శిక్షణ పెట్టారు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా వర్కర్లు, బడి అయ్యవార్లు వచ్చారు. పిల్లల మీద దెబ్బలు, నిర్లక్ష్యం కనిపిస్తే ఎట్లా గుర్తుపట్టాలి, ఎవరికి చెప్పాలి అన్నదే పాఠం. నల్లమ్మను తీసుకొచ్చిన నేను ఫ్యాను గాలి కోసం కిటికీ దగ్గర నిలబడ్డాను. జిల్లా నుంచి వచ్చిన ఎలిజబెత్ మేడం గోడకు ఒక కాగితం అంటించింది. దాని మీద పిల్ల బొమ్మ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి గీసి ఉంది. ఆడుకుంటే తగిలే దెబ్బలకు పచ్చచుక్క, అట్లా తగలనివాటికి ఎర్రచుక్క పెట్టమంది. అందరూ మోకాళ్ళ మీద, మోచేతుల మీద పచ్చచుక్కలు పెట్టి కూర్చున్నారు. నల్లమ్మ ఎర్ర పెన్ను తీసుకుంది. కడుపు మీద ఒకటి పెట్టింది. పక్కనున్న వెనకవైపు బొమ్మ మీద వీపున రెండు, తొడన ఒకటి పెట్టింది.

"ఇవి మీరు చూసినవా టీచర్?"

"వాతలు మేడం. కామెర్లకు."

"కామెర్లకు తొడ మీద కూడా వేస్తారా?"

నల్లమ్మ తన మణికట్టు చూసుకుంది. పెన్ను మూత పెట్టడం మరిచిపోయింది. "ఎయ్యరు" అంది.

"యాడ వేసినా పిల్లను కాల్చడమే కదమ్మా. రుజువు మీరు వెతకద్దు. అనుమానం వస్తే చాలు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల. ఆ పాప ఈరోజు వచ్చిందా?"

"మూడు దినాల్నుంచి రాలేదు. జరమన్నారు."

నల్లమ్మ అక్కడే ఫోన్ చేసింది. ఆటోలో ఊరికి వస్తూ చిరుత సంగతి నల్లమ్మకు చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గౌతమి చాప మీద బోర్లా పడుకుని ఉంది. వీపు చీము పట్టింది. ఎలిజబెత్ మేడం వాళ్ళు అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. పోలీసులు వచ్చినప్పుడు కదిరమ్మ ఏడవలేదు, ఆశ్చర్యపోయింది. "పక్క తడిపే అలవాటు మా యత్త మా ఆయనకు ఇట్లే మాన్పించింది గదన్నా? నేనేం తప్పు చేసినా?"

ఆరో రోజు పిల్ల పోయింది.

బెంగళూరు నుంచి వచ్చిన తల్లి చీర కుచ్చిళ్ళకు సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. ఆమె నల్లమ్మ చేతులు పట్టుకుంది. "నెలనెలా నా బిడ్డను ఎత్తుకుని తూకం ఏసినావు గదక్కా. నీ కండ్లకు ఏమీ కనపడ్లేదా?"

ఫోన్ చేసింది తానేనని నల్లమ్మ చెప్పుకోలేదు. "కనపడిందమ్మా" అంది. అంతే.

ఆ తర్వాత ఆమె ఏ పిల్లనూ ఎత్తుకుని తూకం చెప్పలేదు. నేరుగా కాటాలోనే కూర్చోబెడుతుంది.

ఇప్పుడు మండలంలో ఈ శిక్షణ ఎప్పుడు పెట్టినా నల్లమ్మ పోయి ఆ నాలుగు చుక్కలూ పెడుతుంది. నన్ను కిటికీ దగ్గర వదలదు, లోపలికి పిలుస్తుంది. "రారా అబ్బీ, నీ చిరుతను చూపించు."

నేను చొక్కా ఎత్తుతాను. "ఇది చిరుత గీకింది కాదు. మా యమ్మ ఏసిన వాత" అంటాను. తర్వాత చెప్పాల్సింది ఒక్క ముక్కే. గుత్తి కోట మీదికి ఆటో ఎక్కించిన నోరు నాది. ఆ ముక్క దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను.

అప్పుడు నల్లమ్మే చెబుతుంది. "నాలుగేండ్ల పాప ఈయప్పకు నిజం చెప్పింది. ఈయప్ప పిప్పరమెంటిచ్చినాడు. నేను గుడ్డు పెట్టినా."