ముక్కుకు వాత

పుంగనూరులో ఉండే నా కూతురు ఒకనాడు మా పక్కింటి ఫోనుకు చేసి ఏడ్చింది. ఆదివారం తన బిడ్డ ముక్కుకు వాత పెట్టిస్తారట. పెట్టించేది అత్త. మొగుడు తల్లి మాటకు ఎదురు చెప్పడు, తనకు ధైర్యం చాలదు, నువ్వు రామ్మా అంది. నేను మదనపల్లెలో టమాటా మండీలో కాయలు ఏరే పనికి పోయేదాన్ని. మర్నాడు పని మానుకుని బస్సెక్కాను.

ఆ ముక్కు సంగతి ముందు చెప్పాలి. నా మనవరాలికి అప్పుడు ఎనిమిదేండ్లు. బడిలో వేయకముందు నుంచే ముక్కు కొన ఎర్రగా ఉండేది. దగ్గరికి తీసుకుని చూస్తే సన్నటి ఎర్ర పొక్కులు, వాటి మీద ఆవగింజలంత చెమట బొట్లు. కొంగుతో తుడిస్తే పోయేవి. నేను చూస్తుండగానే మళ్ళీ ఒక్కొక్కటే పుట్టేవి. నుదురు పొడిగా ఉండేది, మెడ పొడిగా ఉండేది. ఒళ్లంతా వదిలేసి చెమట ఆ ఒక్క ముక్కునే ఎందుకు పట్టుకుందో నాకు అంతుబట్టేది కాదు. వేలితో అదిమితే ఎరుపు పోయేది, వేలు తీస్తే తిరిగొచ్చేది. నొప్పి లేదు, ఎప్పుడన్నా కాస్త దురద. నేను అట్లా ముక్కు పట్టుకుని కూర్చుంటే పిల్లే విసుక్కుని, ఇంక వదులవ్వా అనేది.

అందరూ వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టి తాపారు, మజ్జిగ తాపారు, తలకు ఆముదం పెట్టారు. నాకు నమ్మకం కుదరలేదు. ఒక చలికాలం పిల్ల నా దగ్గరికి వచ్చినప్పుడు హార్స్లీ హిల్స్‌కు తీసుకుపోయాను. అక్కడ ఒక బంగళాలో మా అక్క వంట చేసేది. పొద్దున్నే మంచులో పిల్ల పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి, ముక్కు మీద మాత్రం బొట్లు నిలబడే ఉన్నాయి. వేడి కాదని ఆ పొద్దే తేలిపోయింది. మరి ఏమిటన్నది తేలలేదు.

ముక్కుమీద కోపం అనే మాట ఈ పిల్లను చూసే పుట్టి ఉంటుందని వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. బడిలో అయ్యవారు కూడా పిల్ల తలెత్తగానే, ఏం, కోపమా అనేవాడట. నవ్వుతున్నా కోపమే అనుకునేవాళ్లు. అంత నెమ్మదస్తురాలిని నేను చూడలేదు. కోపం ఉండేది నాకు. నా ముక్కు నల్లగా, పొడిగా ఉంటుంది.

పుంగనూరులో బస్సు దిగి ఇంటికి పోతే, నేను నోరు తెరవకముందే వియ్యపురాలు తన ముక్కుపుడక తీసి మొహం ముందుకు పెట్టింది. పుడక ఉండే చోట బియ్యపు గింజంత తెల్లటి మచ్చ.

"సూడు వదినా. నాకూ సిన్నప్పుడు ఇట్లే ఉండె. మా అమ్మ పసుపుకొమ్ము కాల్చి వాత పెట్టిచ్చింది. పొయ్యింది. నేనేమన్నా ఈ బిడ్డకు పగదాన్నా?"

పగది కాదు. చిక్కంతా అక్కడే. పగది అయితే తిట్టి పిల్లను ఎత్తుకుని వచ్చేసేదాన్ని. ఆమె తన ముక్కునే సాక్ష్యం పెట్టింది. కుప్పంలో చర్మం డాక్టరమ్మ ఉందంట, ఒకసారి చూపించి తర్వాత నీ ఇష్టం అన్నాను. చూపించుకో గానీ ఆదివారం దాటనియ్యను అని తనూ బయల్దేరింది. పిల్లను అటునుంచి అటే మదనపల్లెకు తీసుకుపోతానని ఆమె అనుమానం. నాకు ఆ ఆలోచన లేకపోలేదు.

శనివారం కుప్పంలో డాక్టరమ్మ ముక్కును భూతద్దంతో చూసి, తర్వాత పిల్ల అరచేతులు విప్పి చూసింది. తడిగా ఉన్నాయి. రాసేటప్పుడు పుస్తకం తడుస్తుందా అని అడిగితే పిల్ల తలూపింది. నీళ్లలో ఆడి వస్తుందని ఇన్నాళ్లూ తిడుతున్నాం.

నేను నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కొత్త మాట వినబడితే రాసుకోవాలని చెయ్యి లాగుతుంది. జబ్బు పేరు రెండుసార్లు చెప్పించుకున్నా నోటికి రాలేదు. అర్థమన్నా చెప్పమన్నాను. గింజలు గింజలుగా ఎర్రబడిన ముక్కు అని దాని అర్థమట.

"అది మేమూ సూస్తానే ఉండాము గదమ్మా" అన్నాను.

ఆమె నవ్వి, విడమర్చి చెప్పింది. చెమట పుట్టించే గ్రంథులు ఆ చోట అతిగా పనిచేస్తాయట. ఎందుకో వాళ్లకూ సరిగ్గా తెలియదట. ఎక్కడో కొందరు పిల్లలకే వస్తుంది, ఒకే కుటుంబంలో ఇంకొకరికి ఉండడమూ కద్దు, ఈడు వచ్చేసరికి చాలామందికి దానంతటదే పోతుంది అంది. ఇంట్లో ఎవరికన్నా ఉందా అని అడిగితే, నాకుండె, వాతతో పొయ్యింది అని వియ్యపురాలు గట్టిగా చెప్పింది. డాక్టరమ్మ ఆ మచ్చ చూసి, పాపకు మాత్రం వద్దమ్మా అని, తర్వాతి వాళ్లను పిలిచింది.

తిరిగొచ్చేటప్పుడు పలమనేరు బస్సులో పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. నాకు ఒకటే తొలుస్తా ఉంది. వాత పెట్టినప్పుడు నీకు ఏ వయసు అని అడిగాను. ఈ పిల్లంత అంది. పెట్టగానే పోయిందా అంటే, పుండు పడిందట, మానడానికి చాలా రోజులు పట్టిందట. మానిన తర్వాత? ఆమె కిటికీ వైపు తిరిగి ఆలోచించింది. మచ్చ పక్కన చెమట పడుతూనే ఉండేదని మెల్లగా చెప్పింది.

"మల్ల ఎప్పుడు పొయ్యింది వదినా?"

"నేను పెద్దమనిషైన ఏడు" అని ఆగిపోయింది. డాక్టరమ్మ చెప్పిందీ ఆ ఈడే.

కొంచెం దూరం పోయాక అడిగింది. "అట్లయితే నన్ను ఊరికే కాల్చినారంటావా?"

"ఊరికే కాల్చినారు" అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

పిల్ల నిద్రపోయి వియ్యపురాలి మీదికి ఒరిగింది. ఆమె కొంగుతో ఆ ముక్కు తుడిచి, బొట్లు మళ్ళీ పుట్టేదాకా చూస్తూ కూర్చుంది.

ఆదివారం రామసముద్రం వైపు పల్లె నుంచి వాతలు పెట్టే ముసలామె వచ్చింది. వియ్యపురాలు ఆమెకు సంగటి పెట్టింది, తిన్నాక ఇంక పోయిరమ్మంది. ముసలామె నొచ్చుకుంది.

"యాలమ్మా? నీకు పొయ్యింది గదా?"

"పొయ్యింది. వాత పోలా."

అయిదారేండ్లకు పిల్ల ఈడేరిందంటే మళ్ళీ పుంగనూరు పోయాను. పీట మీద కూర్చోబెట్టిన పిల్ల ముక్కు చూస్తే ఎరుపు లేదు, బొట్టు లేదు. ఎప్పుడు పోయిందే అని చెవిలో అడిగాను. తెలీదవ్వా, నేను సూసుకోలా అంది. వియ్యపురాలిని అడిగాను, కూతురిని అడిగాను. వాళ్లకూ తెలియదు. ఇంతమందిమి ఇన్నేండ్లు ఆ ముక్కునే చూస్తా ఉండి, అది ఆరిపోయిన రోజు మాత్రం ఒక్కరమూ చూడలేదు.