కొట్టి తీరాల్సిన బిళ్ళ

చెకర్స్‌లో మా నాయన నేర్పిన పద్ధతి వేరు. ఎదుటివాళ్ళ బిళ్ళను కొట్టే వీలున్నా కొట్టకుండా వదిలేయొచ్చు. అప్పుడు వాళ్ళు కొట్టకుండా ఆగిన మన బిళ్ళ మీద ఉఫ్‌మని ఊది, తీసి పక్కన పెడతారు. ఒక్క బిళ్ళతో పీడ పోతుంది. మేలూరు పక్కన మా తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటా ఇదే ఆట. పోటీల్లో ఇది చెల్లదు, వీలుంటే కొట్టి తీరాలి. నాకు తెలియక కాదు, తెలిసి కూడా చెడగొట్టాను.

మదురైలో ఆఖరి ఆట. ఓడకుండా ఉంటే చాలు, నా కూతురికి రాష్ట్ర జట్టులో చోటు. వచ్చే ఏడుకు వయసు దాటిపోతుంది. ఎదుటి అమ్మాయి పాత ఆటలన్నీ తెప్పించి, వారం రోజులు బోర్డు ముందేసుకుని ఎత్తు ఎత్తూ నేనే విడదీసి చూశాను. సాంబారు మాడినా లేవలేదు.

"తొమ్మిదో ఎత్తుకు మూల బిళ్ళ ముందుకు తియ్యి కన్నూ. బయమే లేదు," అని చెప్పాను.

"సరిమా," అంది. తను వేసి చూసుకోలేదు. నా మాటంటే దానికి అంత నమ్మకం.

హాల్లో తాడుకు ఇవతల నిలబడ్డాను. తొమ్మిదో ఎత్తుకు మూల బిళ్ళ ముందుకొచ్చింది. ఎదుటి అమ్మాయి ఆలోచించకుండా ఒక బిళ్ళను ఎరగా పెట్టింది. ఇంట్లో వేసి చూసినప్పుడు సరిగ్గా ఇక్కడే, చిన్ననాటి అలవాటుకొద్దీ, నా చెయ్యి ఆ బిళ్ళను కొట్టకుండా వదిలేసి పక్క బిళ్ళను జరిపింది. ఇక్కడ వదలడానికి లేదు. కొడితే వరసగా మనవి రెండు పోతాయి, నేను ఖాళీ చేయించిన మూలకు వాళ్ళ బిళ్ళ చేరి రాజవుతుంది.

నోరెత్తితే ఆటే రద్దు. నా కూతురు తలెత్తి నా వంక చూసింది. సిగ్గులేని ముఖం, నవ్వాను. అది కొట్టింది. మావి రెండు బిళ్ళలు పోయాయి.

తర్వాత ఒంటరిగా పోరాడింది. ఇరవై మూడో ఎత్తుకు తన బిళ్ళనే బలి ఇచ్చి, ఆ రాజును ఓ మూలకు నెట్టింది. అలాంటి ఎత్తు నా జన్మలో నాకు తట్టదు. అయినా అప్పటికే బిళ్ళలు చాలక ఓడిపోయింది.

మాట్టుతావణి బస్టాండులో మేలూరు బస్సెక్కాం. అది ఏడవలేదు. ఎత్తులు రాసుకున్న కాగితం ఒళ్ళో పరిచింది.

"ఎక్కడమ్మా నేను తప్పు చేస్తిని?"

నిజం చెబితే ఇక నా ఎదుట బోర్డు వేసుకుని కూర్చోదేమోనని భయం. ఒట్టి పిరికిదాన్ని. నా వేలు తొమ్మిదో ఎత్తు దాటి, కిందికి జారి, ఇరవై మూడు దగ్గర ఆగింది.

"ఇదా?" అని కాసేపు దాన్నే చూసింది. తర్వాత ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టింది.

"ఇంకెప్పుడూ ఇట్ల ఆడనుమా," అంది.