లోహం మీద రక్తం

తాడేపల్లిగూడెంలో నేను పరిశోధన చేసే ల్యాబులో మా పని టైటానియం మీద రక్తం గడ్డకట్టకుండా చూడడం. ఒంట్లో అమర్చడానికి ఆ లోహం మంచిదే, ఎముకకు చక్కగా అతుక్కుంటుంది. రక్తం తగిలే చోటే చిక్కు. అందుకని ఆ లోహపు చిన్న బిళ్ళలు తీసుకుని కొన్నింటిని అద్దంలా నునుపు చేస్తాం. కొన్నింటిని ఆమ్లంలో ముంచి, కరెంటు పంపి, పైన సన్నటి పొర పెంచుతాం. తర్వాత వాటి మీద రక్తం పోసి చూస్తాం.

ఈ పనిలోకి నేను రావడానికి కారణం మా అక్క. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి ఆమె గుండె కవాటం పాడైంది. పెళ్ళయ్యాక కృత్రిమ కవాటం వేశారు. దాని చట్రం టైటానియం. అప్పటినుంచి రోజూ రక్తం పలచబరిచే మాత్ర, నెలకోసారి ఏలూరులో రక్తపరీక్ష. అక్క కొల్లేరు సరస్సు మధ్య లంక ఊళ్ళో బడి టీచరుగా చేసేది.

ఒకసారి ల్యాబు చూస్తానని వచ్చింది. రక్తం ఇచ్చేవాళ్ళు దొరకడం లేదని నేనంటే వెంటనే చెయ్యి చాపింది.

"నాది తీసుకోవే."

"నీది పనికిరాదక్కా. మాత్ర వేసుకుంటున్నావుగా, లెక్క తప్పుతుంది."

"పోన్లే, నా రక్తం ఎందుకూ కొరగాదన్నమాట," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంకాస్త మెత్తగా చెప్పాల్సింది.

ఆ ఏడు వానలకి కొల్లేరు పొంగి లంకకు దారి మునిగిపోయింది. ఊరివాళ్ళంతా బడిలో తలదాచుకున్నారు. అక్క వాళ్ళకు వంటలు చేయిస్తూ, జ్వరాలవాళ్ళకు మందులు పడవ మీద తెప్పిస్తూ తిరిగింది. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని.

"మాత్రలున్నాయా అక్కా?"

"ఉన్నాయిలేవే. నువ్వు కంగారుపడకు."

లేవు. రెండో రోజుకే అయిపోయాయట. పడవ వచ్చినప్పుడల్లా బాలింతలకీ ముసలివాళ్ళకీ కావాల్సినవే చెప్పి పంపిందట. పది రోజులకు నీరు తీసింది. మర్నాడే అక్కకు ఆయాసం మొదలైంది. బావగారు ఏలూరు ఆసుపత్రికి తెచ్చారు. నేను వెళ్ళేసరికి మాట్లాడే స్థితిలో లేదు. కవాటం మీద రక్తం గడ్డకట్టి రెక్కలు కదలడం లేదని డాక్టరుగారు చెప్పారు. నాకు ఆయన విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. సాయంత్రానికి అక్క పోయింది.

రెండు వారాలకు ల్యాబుకు వెళ్ళాను. అంతకుముందు సిద్ధం చేసిన బిళ్ళలు మైక్రోస్కోపు కింద పెట్టారు. నున్నటి బిళ్ళ మీద రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు కాళ్ళు చాపుకుని ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పొర పెంచిన దాని మీద అక్కడక్కడా, గుండ్రంగా, విడివిడిగా. మేము కోరుకున్నది అదే. మా గైడుగారు "బాగా వచ్చిందమ్మా" అన్నారు. మెట్ల దాకా వెళ్ళి కూలబడి ఏడ్చాను.

అక్క జ్ఞాపకార్థ కూటం చర్చి ఆవరణలో జరిగింది. ప్రార్థనయ్యి జనం వెళ్ళిపోయాక బావగారు నా దగ్గరకొచ్చారు.

"నువ్వు చేసే ఆ పొర, మీ అక్క కవాటానికి ఉండుంటే బతికేదా అమ్మా?"

బిళ్ళ మీద గంటసేపు నిలిచిన రక్తం వేరు, గుండెలో ఏళ్ళ తరబడి పారే రక్తం వేరు. అదంతా ఆయనకు చెప్పాలనిపించలేదు.

"తెలీదు బావగారూ," అన్నాను.

ఆయన కుర్చీలు ఆటోలోకి ఎక్కించడానికి వెళ్ళారు.